స్పాన్సర్ గారికి వ్రాయునది

ఆయన ఉదయగిరిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ఆమె ఆయన అన్న కూతురు. ఆత్మకూరులో పుట్టి, నెల్లూరులో నర్సింగ్ చదివి, ఇప్పుడు ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం చేస్తోంది. ఇద్దరిదీ బాప్టిస్టు ఇల్లే. ఆమె ఆదివారం ఆరాధన తప్పదు. ఆయన గుడి గడప తొక్కి చాలా ఏళ్లయింది, క్రిస్మస్ కేకు మాత్రం మానలేదు. సెలవుల్లో వచ్చిన అమ్మాయి చిన్నాయన్ని ఒక్క సాయం అడిగింది. అక్కడ వాళ్ల చర్చిలో తెల్లవాళ్లూ, తోటి తెలుగు నర్సులూ కలిసి కొంత డబ్బు పోగుచేశారు. ఉదయగిరి, ఆత్మకూరు పక్క ఇంటర్, డిగ్రీ చదివే బీద పిల్లల చదువుకు ఇద్దామని. ఎవరికిస్తే బాగుంటుందో పేర్లు చెప్పమంది. ఆయన పేర్లు చెప్పకుండా వాదం వేసుకున్నారు. వేరే పని మీద వాళ్లింటికి పోయిన నేను కాఫీ గ్లాసు పట్టుకుని మధ్యలో కూర్చుండిపోయాను. ఇద్దరూ తమ పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మాస్టారు: పేర్లు అడగబాక అమ్మణ్ణీ. పేరిస్తే ఫోటో అడుగుతారు, ఫోటో ఇస్తే ఉత్తరం అడుగుతారు. ఆ ఉత్తరాల సంగతి నాకు తెలుసు. ఒకప్పుడు హాస్టల్ పిలకాయల చేత రాయించినోణ్ణి నేనే. నల్లబల్ల మీద నేను రాసేది, వాళ్లు చూసి దించుకునేది. 'గౌరవనీయులైన స్పాన్సర్ గారికి వ్రాయునది. నేను క్షేమము. మీరును క్షేమమని తలంచుచున్నాను. నేను బాగా చదువుచున్నాను. మీ కొరకు ప్రతి దినము ప్రార్థన చేయుచున్నాను.' గదినిండా పిలకాయలు, ఉత్తరం మాత్రం ఒకటే. కింద పేరొక్కటే మారేది. ఒకడికి వారం ముందే నాయన పోయాడు. వాడూ 'నేను క్షేమము' అనే రాశాడు. ఫోటో రోజు చూడాల. బాగుండే చొక్కా ఒకటే ఉండేది, ఒకడు విప్పితే ఇంకొకడు తొడుక్కునేది.

నర్సమ్మ: ఆ ఉత్తరాలు నేనూ రాసినా చిన్నాయనా. నువ్వు రాయించినోడివి కాబట్టి పోయే ఉత్తరమే చూశావు. వచ్చే ఉత్తరం చూళ్లా. నాకు ఒక ముసలామె రాసేది. కలిపిరాత. మా బళ్లో అయ్యోర్లకు కూడా ఆ రాత అంతుబట్టలా. రాత్రిపూట దీపం కింద కూచుని ఒక్కో అక్షరం విడదీసుకునేదాన్ని. ఆమె జీ రాస్తే కింద తోక చూసి నేను వై అనుకునేదాన్ని. డాగ్ అనే మాటను డాయ్ అని చదివి, డాయ్ అంటే ఆమె మనవడేమో అనుకున్నా. వాడు మంచులో పొర్లాడతాడని, సోఫా కొరికేస్తాడని రాస్తే, అబ్బ, ఎంత గడుగ్గాయో పిల్లోడు అనుకుని వాడి కోసం కూడా ప్రార్థన చేసినా. కుక్కని తెలిసేదానికి ఆరు నెలలు పట్టింది. నవ్వబాక. పాఠం కాకుండా, పరీక్షకు కాకుండా, నాకై నేను చదివిన మొదటి ఇంగ్లీషు అది.

మాస్టారు నవ్వాపుకోలేకపోయారు. కానీ వెంటనే సర్దుకున్నారు. ముప్ఫయ్యేళ్లు క్లాసు అదుపులో పెట్టిన మనిషి.

మాస్టారు: నీకు దొరికింది, సంతోషం. ఒకరికి దొరికిందని వంద మందిని ఆ వరసలో నిలబెట్టలేం. నేను అడిగేది వేరే. ఈ మిషన్ చదువు మనకు చదవడం నేర్పిందా, ఒక పుస్తకం చదవడం నేర్పిందా? రెండూ ఒకటి కాదు.

నర్సమ్మ: ఎందుకు నేర్పితే ఏంది, నేర్పిందా లేదా? మిషనరీ డే దొర 1840లో నెల్లూరు వచ్చేనాటికి మన తాతముత్తాతల్ని బడి అరుగు ఎక్కనిచ్చిందెవరు? ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో మిషన్ స్టేషన్ పెట్టారు. ఒంగోల్లో క్లౌ దొర బడి పెడితే మాదిగ పిలకాయలు వస్తారనేసరికి పెద్ద కులాల పిల్లలు లేచి వెళ్లిపోయారు. ఆయన మాదిగ పిలకాయల్ని తీసెయ్యలా. అది మర్చిపోతే ఎట్టా?

మాస్టారు: మర్చిపోలా. క్లౌ గురించి నీకన్నా నేనే బాగా చెబుతా విను. 1876లో మొదలైన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని మన వాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనని గట్టిగా నిలబడ్డాడు. కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని. కరువు తీరినాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మీ ప్రసంగాల్లో ఆ 2,222 అంకె వినని ఏడు లేదు. అంతకు ముందు వద్దన్న పదిహేను నెలల మాట ఏ అయ్యగారన్నా ఎత్తినాడా? నన్నడిగితే క్లౌ చేసిన పనుల్లో గొప్పది ఆ వద్దనడమే. అన్నం పెట్టే చెయ్యి వేరు, నీళ్లలో ముంచే చెయ్యి వేరు అనుకున్నాడు.

నర్సమ్మ: నేను చెప్పేదీ అదే గదా. మా వాళ్లు బాప్తిస్మం అడగడంలా.

మాస్టారు: అంత తేలికా? కూలి ఇచ్చిన దొరే గుడి కట్టిన దొర. అడగకపోయినా తెలుసు గదా ఆయనకేం ఇష్టమో. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది, అందులో ఈ కరువూ ఈ కాలవా ఉండాయి. మన వాళ్లు ఎందుకు దేవుణ్ణి మార్చుకున్నారో, మార్చుకున్నాక ఏం మిగిలిందో ఆయన రాసినంతగా ఏ చర్చి చరిత్రా రాయలా. చదివినావా?

నర్సమ్మ: చదివినా. రెండుసార్లు. అందులో బతుకు ఎంత నిజమో దాంట్లో విశ్వాసం కూడా అంతే నిజం. నువ్వు ఒక సగమే చదువుతా ఉండావు.

ఈ మాట దగ్గర మాస్టారు కాసేపు మాట్లాడలేదు. అన్న కూతురు ఆ నవల చదివి ఉంటుందని ఆయన అనుకున్నట్టు లేదు.

మాస్టారు: సరే. మీ వాళ్లు ఏం అడుగుతారు మరి?

నర్సమ్మ: మార్కులు. పదిలోనో ఇంటర్లోనో డెబ్బై అయిదు శాతం.

మాస్టారు: అయితే గుడిలో తీసేసిన గేటు బళ్లో పెట్టారన్నమాట. డెబ్బై అయిదు వచ్చినోడికి దారులుండాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది, సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ముప్ఫై అయిదు దగ్గర ఆగిపోయినోడి సంగతేంది? వాడికి ఎవరూ ఉత్తరం రాయరు. చదువంటే మార్కులొచ్చిన పిల్లల చదువే అయితే దూబగుంట ఎట్టా జరిగేది?

దూబగుంట ఈ సీమలోదే, కలిగిరి మండలం. ఉదయగిరి వాళ్లు ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెంచుతారు. మాస్టారు అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా తిరిగి రాత్రి బళ్లు నడిపించిన వాళ్లలో ఒకరు కాబట్టి ఇంకొంచెం ఎక్కువ పెంచారు.

మాస్టారు: కూలికి పోయొచ్చి, గిన్నెలు తోముకుని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి తొమ్మిదికి పలకతో వచ్చిన ఆడోళ్లు వాళ్లు. ఏ మార్కులూ లేవు. వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మొగుడు, తిండి లేని ఇల్లు. ఇది మన కథే గదా అన్నారు. 1992లో దూబగుంట రోసమ్మ ముందు నడిచింది, సారా అంగడి మూయించారు, వేలం పాట ఆపించారు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. దానికి స్పాన్సర్ ఎవరు? ఆ ఆడోళ్ల ఫోటోలు ఎవరి ఫ్రిజ్ మీద అంటించారు? చదువు అట్టా రావాల. అందరికీ, ఒకేసారి, ఎవరి కాళ్లకూ మొక్కకుండా.

నర్సమ్మ: ఆ దీపం ఇప్పుడు యాడుంది?

మాస్టారు: అదేం మాట?

నర్సమ్మ: మామూలు మాటే. 1995లో సంపూర్ణ నిషేధం అన్నారు, 1997లో ఎత్తేశారు. సరే, అది రాజకీయం. అక్షరాలు నేర్చిన ఆడోళ్ల చేతిలో సీతమ్మ కథ అయినాక ఏ పుస్తకం పెట్టారు? పెట్టలా. అక్షరాలు నేర్పేదానికి కార్యక్రమం ఉంది గానీ చదువుకునేదానికి లేదు. ఏళ్లు గడిచేసరికి సంతకం మిగిలింది. మా అమ్మ సంగతి చూడు. ఐదో తరగతి చదివింది. నలభై ఏళ్లుగా ఒక పుస్తకం ఆమె దిండు పక్కనుంది. కళ్లజోడు మారతా ఉంది, పుస్తకం మారలా. రోజూ పొద్దున్నే ఒక అధ్యాయం. అక్షరం మర్చిపోయే అవకాశమే రాలా ఆమెకు. నీ రాత్రిబడి ఆడోళ్లలో ఇప్పటికీ రోజూ చదివేవాళ్లు ఎంతమంది?

మాస్టారు: ఒకటే పుస్తకం...

నర్సమ్మ: ఒకటే కాదు, అరవై ఆరు. పాటలుండాయి, రాజుల చరిత్ర ఉంది, ఉత్తరాలుండాయి, అత్తాకోడళ్ల కథ ఉంది. రూతు కథ చదివి మా అమ్మ ఎన్నిసార్లు ఏడ్చిందో నీకు తెలీదు. తెలుగు పండితుడివి, ఒక పల్లెటూరి ఆడమనిషి నలభై ఏళ్లు గ్రాంథిక తెలుగు చదివి అర్థం చేసుకుంటే గర్వపడాల నువ్వు.

నా మటుకు నాకు ఇక్కడ అమ్మాయి గెలిచిందనిపించింది. మన పల్లెల్లో చదువు నేర్చినాక దాన్ని నిలుపుకునే ఏర్పాటు గురించి ఆలోచించినవి చాలా తక్కువ. చర్చి ఆలోచించింది. ఎవరు ఏ ఉద్దేశంతో ఆలోచించారన్నది తర్వాతి ప్రశ్న. కానీ మాస్టారు ఓడిపోయానని ఒప్పుకునే మనిషి కాదు, మాట డబ్బు మీదికి మళ్లించారు.

మాస్టారు: అట్టనే కానీ. ఆ పుస్తకం ఎవరూ వెనక్కి తీసుకోలేరు. డబ్బు అట్టా కాదు. 1853లో అమెరికాలో ఆల్బనీ అనే ఊళ్లో మిషన్ పెద్దలు మీటింగు పెట్టుకుని, ఈ నెల్లూరు మిషన్ ఫలితం లేనిది, మూసేద్దామా ఉంచుదామా అని వాదించుకున్నారు. నెల్లూరోళ్లను ఎవరూ అడగలా. ఉంచారు, సంతోషం. 2017లో చూడు. కొలరాడోలో ఉండే కంపాషన్ అనే సంస్థ, నెలకు ఒక్కో పిల్లకు 38 డాలర్లు దాతల చేత ఇప్పించేది. డబ్బు రావాలంటే ముందు అనుమతి కావాలని మన హోం శాఖ మెలిక పెట్టింది. ఆ మార్చిలో సంస్థ దుకాణం కట్టేసింది. దేశమంతా 1,45,000 మంది పిలకాయలు. నెల తిరిగేసరికి ఏమీ లేదు. 2024లో వరల్డ్ విజన్ లైసెన్సూ రద్దయింది. ఆ పిలకాయలు చేసిన తప్పేంది?

నర్సమ్మ: ఆపింది ఢిల్లీ. తిట్టేది దాతల్నా?

మాస్టారు: ఎవర్నీ తిట్టడంలా. పిల్ల చదువు పైవాళ్ల ఫైలు మీద ఆధారపడకూడదంటా ఉండా. ఆ ఫైలు కొలరాడోలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా.

నర్సమ్మ: అమరావతిలో ఉంటే పర్లేదా? అమ్మఒడి అన్నారు, పేరు మారింది. ఇప్పుడు తల్లికి వందనం. ప్రభుత్వం మారితే పేరు మారుద్ది, రూలు మారుద్ది. రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీ వాడు పిల్లకు హాల్ టికెట్ ఇవ్వడు, సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టుకుంటాడు. ఆ పిల్ల నాన్న డీసీపల్లి పొగాకు వేలంలో గిట్టుబాటు రాక దిగులుగా వస్తాడు. పరీక్ష సోమవారం. అప్పుడు నీ సర్కారు ఫైలు యాడుంటది? ఆ సోమవారానికి కావలసిన ఎనిమిది వేలు మా వాళ్లు పంపితే తప్పేంది?

మాస్టారు: తప్పు లేదు. కానీ మీ వాళ్లు అనేది ఎవరో చూసుకో. చట్టం తెలుసా? నువ్వు ఇంకా ఇండియా పాస్‌పోర్టు మీదే ఉండావు కాబట్టి నీ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. నీ చర్చిలో తెల్లామె ఇస్తే వస్తది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కావాల. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతాకే రావాల. ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇచ్చేదానికి లేదు. పెద్ద సంస్థ తీసుకుని ఉదయగిరిలో చిన్న సంఘానికి ఇచ్చే దారి మూసేశారు. రేపు నువ్వు బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నావనుకో, నీ సొంత జీతం కూడా విదేశీ డబ్బే. అన్న కూతురువే, కానీ చట్టానికి విదేశీయురాలివి.

నర్సమ్మ: అందుకే తెలుగు నర్సుల డబ్బు వేరే పెట్టినాం. దాన్నే ముందు పంపుతాం. తెల్లవాళ్ల డబ్బు రిజిస్ట్రేషన్ ఉండే సంస్థ దొరికినాకే. ఆ మాత్రం చదవకుండా నీ దగ్గరికి వస్తానా?

మాస్టారు: (కొంచెం మెత్తబడి) అయితే ఇంకో ప్రశ్న. ఉదయగిరి చెక్క గరిటెలు తెలుసు గదా. దిలావర్ భాయి వీధిలో చేస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో రాశారు. చేసే వాళ్లు ఎక్కువగా సాయబులు. అడవి నుంచి నర్ది కర్ర తెచ్చుకుని, బాడిశతో చెక్కి, ఆకురాయితో రుద్ది నున్నగా చేస్తారు. ఆ ఇంట్లో ఒక పిల్ల ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున కాలేజీ, సాయంత్రం గరిటె కాడల మీద పూలు చెక్కుద్ది. దానికి మీ చర్చి డబ్బు ఇస్తదా? నిజం చెప్పు.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే నాకు నచ్చింది. వెంటనే 'ఎందుకివ్వరూ' అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

నర్సమ్మ: తెలీదు. అడుగుతా. మంచి సమరయుడి కథ ప్రతి ఏడూ సండే స్కూల్లో చెప్పేవాళ్లే వాళ్లు. కాదన్నారంటే ఆ కథ వాళ్ల ముందే మళ్లీ చెబుతా. అప్పటికీ కాదంటే నా వంతు డబ్బు ఆ పిల్లకే.

మాస్టారు: ఇంకోటి. పేర్లిస్తే పక్కన కులం కాలమ్ ఉంటది గదా. మన పిల్లలు ఏం రాయాల?

ఈ ప్రశ్నకు గదిలో గాలి బిగుసుకుంది. బయటి పాఠకులకు ఒక మాట చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన మాలకు, మాదిగకు ఇప్పటికీ లేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సి అంటారు, రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణా ఉండదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. అందుకే పల్లెల్లో గుడి రిజిస్టర్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు. ఈ ఇంట్లో కూడా అంతే. మాస్టారి కొడుకు హిందూ మాదిగ, అమ్మాయి బీసీ-సి. ఒకే తాత మనవలు.

నర్సమ్మ: మా నాన్న అబద్ధం రాయనన్నాడు. నాకు మెడిసిన్ సీటు పోయింది. నీ కొడుక్కి ఇంజనీరింగ్ వచ్చింది. నేను ఏనాడన్నా ఎత్తినానా ఆ మాట?

మాస్టారు: ఎత్తలా. అందుకే నేను ఎత్తుతా ఉండా. అన్న నిజాయితీకి ఖరీదు నువ్వు కట్టినావు. ఇప్పుడు స్పాన్సర్ ఫారంలో 'క్రిస్టియన్' అని ఒక పిల్ల పేరు రాసి సంస్థ రికార్డుల్లోకి పంపితే, రేపు ఎవడో అది పట్టుకుని ఆ పిల్ల సర్టిఫికెట్ మీద కంప్లైంటు పెడతాడు. మీరిచ్చే సంవత్సరానికి ఇరవై వేలు, వాళ్లు పోగొట్టుకునేది జీవితకాలపు సీటు. ఎంత మంచి మనసుతో ఇచ్చినా సాయం పిల్లని రికార్డులో ఎక్కిస్తది. చర్చి వాళ్లు ఇది ఆలోచించరు.

నర్సమ్మ: ఫారంలో మతం కాలమ్ కొట్టేస్తా. కులం కాలమ్ కూడా. సరేనా?

మాస్టారు: ఫోటో?

నర్సమ్మ: ఫోటో కూడా.

మాస్టారు: ఉత్తరం?

నర్సమ్మ: దాని దగ్గర ఆగు చిన్నాయనా. నీకొక సంగతి చెప్పాల. మా వార్డులో ఒకామె పనిచేస్తది, డర్బన్ మనిషి. ముత్తాత తెలుగువాడు, చెరకు తోటల కూలికి పోయినోడు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీల్ని నేటాల్ తీసకపోయింది గదా, ఆ తర్వాత పోయిన ఓడల్లో వాళ్ల వాళ్లు. ఆమె అడిగింది, మీది నెల్లూరా, అయితే జాన్ రంగయ్య తెలుసా అని. నాకు తెలీదు. సిగ్గేసింది. ఇంటికి పోయి చదివినా. 1903లో మన తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ ఆయన్ని నేటాల్ పంపింది. నెల్లూరు పక్కవాడు. కియర్స్నీ టీ తోటల దగ్గర ఆ ఏడు చివర్లోనే తెలుగు కూలీలకు సంఘం పెట్టాడు. 1915లో అక్కడే పోయాడు. అమెరికా డబ్బు కాదు చిన్నాయనా. మన సంఘాల కానుక డబ్బు. ధాత కరువు పోయి పాతికేళ్లే అయింది అప్పటికి. ఇక్కడ మనకే కూడు లేదు.

మాస్టారు: ఇది నాకు తెలీదే.

నర్సమ్మ: మన వాళ్లు ఎట్టా కానుక ఇచ్చేవాళ్లో నీకు తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పోసి, ఆదివారం గుడికి తెచ్చేది. మా నాయనమ్మ చేసేది. తీసుకున్న వాళ్లు ఎప్పుడూ తీసుకునే వాళ్లుగానే ఉండాలని ఏం లేదు. మన ముత్తాతలు ఇచ్చినోళ్లు. సముద్రం అవతలికి ఇచ్చినోళ్లు. నువ్వేమో మనల్ని చెయ్యి చాచిన వాళ్లుగానే చూస్తా ఉండావు.

మాస్టారు లేచి కిటికీ దగ్గరికి పోయారు. దుర్గం కొండ మీద ఎండ దిగుతోంది. తిరిగొచ్చి కూర్చున్నాక గొంతు తగ్గింది గానీ మాట తగ్గలేదు.

మాస్టారు: గొప్ప సంగతి చెప్పినావు. ఒప్పుకుంటా. కానీ దాంట్లోంచి నువ్వు ఏం తీయబోతా ఉండావో నాకు తెలుసు. తీసుకున్న పిల్ల రేపు సంపాదించి ఇంకో పిల్లకు ఇవ్వాల, అంతేనా?

నర్సమ్మ: అంతే. మేము రాయించుకోం. చెబుతాం. ఉత్తరం అందుకే కావాల. స్పాన్సర్‌కు దండం పెట్టేదానికి కాదు. నీలాంటి పిల్లే, ఆత్మకూరు నుంచి పోయింది, రాత్రి డ్యూటీలు చేసి ఈ డబ్బు పంపుతా ఉందని ఆ పిల్లకు తెలియాల.

మాస్టారు: అది అప్పు అమ్మణ్ణీ. పత్రం లేని అప్పు. వడ్డీ కనపడని అప్పు. చదువు హక్కు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు రాజ్యాంగమే రాసింది, పైవాళ్లకు రాయలేదంటే అది మనం పోట్లాడాల్సిన పని. హక్కుకు ఎవరన్నా అప్పు పడతారా? 1960లో గ్రంథాలయాల చట్టం చేశారు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సు. ఉదయగిరి వాళ్లూ కడతారు, ఆత్మకూరు వాళ్లూ కడతారు. వసూలు చేసిన పంచాయతీలు, మునిసిపాలిటీలు గ్రంథాలయ సంస్థకు సరిగా జమ చెయ్యవు. బ్రాంచి లైబ్రరీకి పోయి చూడు, డీఎస్సీ పుస్తకం కావాలంటే పాత సిలబస్‌ది ఇస్తారు. ఆ సెస్సు డబ్బు ఎవరి జాలీ కాదు, మనదే. దాన్ని వసూలు చేసేదానికి నాకు మనుషులు కావాల. మీరిచ్చే ఇరవై వేలతో ఆ పిల్ల సంతోషంగా ఇంటికి పోయి కూచుంటే నా వెనక ఎవరొస్తారు?

నర్సమ్మ: చదువు ఆగిపోయిన పిల్ల వస్తదా నీ వెనక? పెళ్లి చేసి పంపేస్తారు. నువ్వు సెస్సు కోసం అర్జీ పెట్టు, సమాచార హక్కు కింద లెక్కలు అడుగు, ధర్నా చెయ్యి. ఆ పిల్ల చదువుకుంటే నీ అర్జీ అదే రాస్తది. అప్పు అంటావు. నాకుంది అప్పు, కాదన్లా. నాకు ఉత్తరాలు రాసిన ముసలామె ఎప్పుడో పోయింది. ఎవరికి తీర్చాల? తీర్చకుండా ఉండమంటావు, నా వల్ల కాదు. నువ్వు హక్కు అంటావు, నేను కృప అంటా. ఆ పిల్లకు ఫీజు కట్టేది సోమవారమే.

ఇద్దరి మధ్యా నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు. అయినా ఒకటి అనిపించింది. మాస్టారి మాట పెద్దది, అమ్మాయి మాట తొందరది. హక్కు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, ఆలస్యమైందని అది హక్కు కాకుండా పోదు. కానీ ఆయన ఒక సంగతి దాటేశారు. ఈ సీమలో చదువుకోసం పోట్లాడిన వాళ్లలో చాలామంది ముందు ఎవరి దయతోనో చదువుకున్న వాళ్లే. ఆయన కూడా మిషన్ హాస్టల్లో చదివిన మనిషే. ఆ మాట నేను అననూ లేదు, అమ్మాయి అననూ లేదు.

చివరికి మాస్టారు పాత డైరీ తెచ్చి మూడు పేర్లు చెప్పారు. ఒకటి దిలావర్ భాయి వీధి పిల్ల. ఒకటి సీతారామపురం పక్క పల్లె నుంచి రోజూ బస్సెక్కి వచ్చే అబ్బాయి. మూడోది ఆత్మకూరు దగ్గర మర్రిపాడు పిల్ల, ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పింది.

నర్సమ్మ: తప్పిన పిల్ల పేరు నేను ఎట్టా పంపేది? డెబ్బై అయిదు శాతం అని చెప్పినా గదా.

మాస్టారు: అయితే మిగతా రెండు పేర్లు కూడా ఇవ్వను. కొట్టెయ్యి.

నర్సమ్మ: సప్లిమెంటరీ ఎప్పుడు?

మాస్టారు: ఫీజు కట్టేదానికి ఆఖరు తేదీ శుక్రవారం.

ఆమె ఫోను తీసి, ఆ పిల్ల వాళ్ల నాన్న నంబరు అడిగింది.